ఖాజీ మొహర్‌ను పరాయి చేతిలో పెడతామా?

మా ఫూఫీ కొడుకు దమ్మామ్‌లో ఏసీ మెకానిక్. పదమూడేళ్ళు అక్కడే గడిపాడు. 2023 రంజాన్ అయిన నెలకు గుండెపోటుతో ఇంతెకాల్ అయ్యాడు. అక్కడే దఫన్ చేశారు. ఇంటికి చేరింది ఒక సూట్‌కేసు. అందులో నాలుగు జతల బట్టలు, ఒక అత్తరు సీసా, పిల్లలకు కొన్న రెండు బొమ్మలు, అగ్గిపెట్టె అంత నల్లటి ప్లాస్టిక్ ముక్క ఒకటి. దానికి చిన్న తెర, రెండు బటన్లు. పెన్‌డ్రైవ్ అనుకున్నారు.

అది పెన్‌డ్రైవ్ కాదు, హార్డ్‌వేర్ వాలెట్. బిట్‌కాయిన్ చాబీ దాచుకునే మిషన్. 2019 నుంచి నెలకు వంద, రెండొందల రియాళ్ళు అలా పక్కన పెడుతూ వచ్చాడట. భాభీకి చెప్పలేదు. తమ్ముడికి చెప్పలేదు. అన్నీ తెలిసినోడినని ఊళ్ళో పేరున్న నాక్కూడా చెప్పలేదు.

భాభీ ఇద్దత్‌లో ఉన్నప్పుడు అతని తమ్ముడు ఆ మిషన్‌ను కంప్యూటర్‌కు తగిలించాడు. పిన్ అడిగింది. షాదీ తారీఖు కొట్టాడు, పెద్ద పాప పుట్టిన రోజు కొట్టాడు, బండి నంబరు కొట్టాడు. తప్పు కొట్టిన ప్రతిసారీ అది ఎదురుచూడమనే సమయం రెట్టింపవుతుంది. మొదట సెకన్లు, తర్వాత నిమిషాలు, చివరికి గంటలు. పాపం, ఓపికగానే కూర్చున్నాడు. పదహారోసారి తప్పవగానే మిషన్ తన కడుపులోదంతా తానే చెరిపేసుకుని ఖాళీ అయిపోయింది. దాన్ని దొంగల కోసం అలా తయారు చేశారు. తమ్ముడికీ దొంగకూ తేడా దానికేం తెలుసు?

ఇంకా ఖతం కాలేదు. 2024లో రంజాన్ ముందు ఇల్లు దులుపుతుంటే, ఖురాన్ షరీఫ్ జుజ్దాన్‌లో భాభీకి ఒక మడత కాగితం దొరికింది. దాని మీద బాల్ పెన్నుతో వరుస నంబర్లేసి ఇంగ్లీషులో 24 మాటలు రాసి ఉన్నాయి. పాప స్పెల్లింగుల కాగితమేమో అనుకుని పక్కన పెట్టి, మళ్ళీ అది మరహూమ్ చేతిరాత అని గుర్తుపట్టి నాకు ఫోన్ చేసింది. "భయ్యా, మీరు పేపరోళ్ళు కదా, ఇదేంటో చెప్పండి" అంది.

నేను ఎన్నికల డెస్క్ మీద ఉన్నాను. పేజీ వెళ్ళాల్సిన టైము. అవతల ఇద్దరు నా కోసం ఎదురుచూస్తున్నారు. సగం విన్నాను. "బస్టాండు దగ్గర ఆ మొబైల్ షాపు కుర్రాడుంటాడు కదా, అతనికి ఇవన్నీ తెలుసు, చూపించండి" అని పెట్టేశాను.

వాడు ఆ 24 మాటలనూ షాపు కంప్యూటర్‌లో, వాలెట్ తిరిగి తెరుస్తామని చెప్పే ఏదో వెబ్‌సైట్‌లో టైపు చేశాడు. అరగంట లోపల 0.21 బిట్‌కాయిన్ వెళ్ళిపోయింది. ఆ రోజు ధర ప్రకారం పదకొండు లక్షల పైమాటే. కొట్టేసింది వాడో, ఆ నకిలీ సైటు వెనకున్న వాళ్ళో ఈ రోజుకీ తేలలేదు. విచిత్రం ఏమిటంటే ఆ లావాదేవీ ఎవరికైనా కనిపిస్తుంది. ఏ తారీఖున, ఎన్ని గంటలకు, ఏ చిరునామాకు వెళ్ళిందో నేను నా ఫోన్‌లో వంద సార్లు చూశాను. చూడగలను, అంతే. ముట్టుకోలేను.

ఇది రాయడానికి నాకు శరమ్‌గా ఉంది. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఆ తర్వాత మా బిరాదరీలో నేను విన్న మాటలు నా తప్పుకంటే ఎక్కువ నష్టం చేసేలా ఉన్నాయి.

మొదటి మాట: "హరామ్ మాల్, హరామ్ దారిలోనే పోయింది." జనాజాకు రాని పెద్దమనిషి ఒకాయన నా ముందే అన్నాడీ మాట. జనాబ్, నేను ముఫ్తీని కాను, ఫత్వా ఇవ్వను. ఇచ్చేవాళ్ళ మధ్యే ఇఖ్తెలాఫ్ ఉంది. ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షౌకీ అల్లామ్ 2018 మొదట్లోనే బిట్‌కాయిన్ లావాదేవీ కుదరదన్నారు. ఇండోనేషియా ఉలమా కౌన్సిల్ 2021లో దీన్ని కరెన్సీగా వాడటం హరామ్ అంది. మలేషియాలో సెక్యూరిటీస్ కమిషన్ షరియా సలహా మండలి 2020లో డిజిటల్ ఆస్తుల కొనుగోలు, అమ్మకం జాయెజ్ అంది. మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి, ఆయన వద్దంటే కొనకండి. కథ అక్కడితో ఖతం. నాకేం తకరార్ లేదు.

కానీ ఇప్పటికే కొన్నవాళ్ళ సంగతేంటి? గల్ఫ్‌లో, బెంగుళూరులో, హైటెక్ సిటీలో మన పిల్లలు కొంటున్నారు. మీరు "హరామ్" అనేసి తలుపు మూస్తే వాళ్ళు మానరు, దాచుకుంటారు. మా ఫూఫీ కొడుకు ఎందుకు చెప్పలేదనుకుంటున్నారు? ఇంట్లో చెబితే వాజ్ మొదలవుతుందని. ఆ భయమే అతని మిషన్‌కు అసలు తాళం అయింది. వాళ్ళావిడ చేతిలో చాబీ పెట్టుకుని కూడా దాన్ని చాబీ అని గుర్తుపట్టలేకపోయింది.

ఫరాయెజ్ లెక్క చెప్పమని నేనే మా మస్జిద్ ఇమామ్ సాబ్ దగ్గరకు వెళ్ళాను. భార్య, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి, ఒక తమ్ముడు. ఆయన వేళ్ళ మీదే చెప్పేశారు. మొత్తం 24 భాగాలు చెయ్. భార్యకు 3, పిల్లలకు ఎనిమిదేసి, తల్లికి 4, మిగిలిన 1 తమ్ముడికి. జుజ్దాన్‌లో కాగితం మీద ఉన్నవీ 24 మాటలే అని నేను ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది.

రెండో మాట చదువుకున్నవాళ్ళది. "ఈ మిషన్లెందుకు? ఎక్స్‌ఛేంజ్ యాప్‌లోనే ఉంచుకుంటే సరిపోయేది. ఆధార్, పాన్ అన్నీ ఇచ్చాం కదా." ఈ మాటకు నేను కొంచెం ఓపికగా జవాబు చెబుతాను. ఎందుకంటే ఇందులో ఒక వాస్తవం ఉంది. యాప్‌లో ఉండి ఉంటే భాభీ డెత్ సర్టిఫికెట్, వారసత్వ కాగితాలు పట్టుకుని తట్టడానికి ఒక దర్వాజా ఉండేది. ఒప్పుకుంటాను. బిట్‌కాయిన్‌కు దర్వాజా లేదు. దానికి దఫ్తర్ లేదు, మేనేజర్ లేడు, పైరవీ లేదు.

కానీ ఆ దర్వాజా వెనక మీ సొమ్ము ఉంటుందని ఎవరన్నారు? టోక్యోలో ఎంటీ గాక్స్ అనే ఎక్స్‌ఛేంజ్ 2014లో మునిగినప్పుడు 8,50,000 బిట్‌కాయిన్లు పోయాయని చెప్పింది. తర్వాత 2 లక్షలు ఏదో పాత ఖాతాలో దొరికాయంది. జనం పదేళ్ళు కోర్టుల వైపు చూశారు. కెనడాలో క్వాడ్రిగా అనే కంపెనీ యజమాని 2018 డిసెంబర్‌లో మన జైపూర్ వచ్చి చనిపోయాడు. పాస్‌వర్డులన్నీ ఆయనతోనే పోయాయని కంపెనీ ఏడ్చింది. దర్యాప్తు చేసిన ఒంటారియో సెక్యూరిటీస్ కమిషన్ 2020లో తేల్చిందేమిటంటే, ఆయన బతికుండగానే జనం సొమ్మును జూదమాడినట్టు వాడేశాడని. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్. ఇవన్నీ దూరపు కథలంటారా? 2024 జూలై 18న మన వజీర్ఎక్స్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్ల విలువైన సొమ్ము ఒక్క రోజులో పోయింది. ఆ దొంగలు ఉత్తర కొరియా వాళ్ళని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా కలిసి ప్రకటించాయి. విత్‌డ్రాయల్స్ ఆపేశారు. వాడకందార్లు ఏడాదికి పైగా తమ సొమ్ము తాము తీసుకోలేక సింగపూర్ కోర్టు వార్తలు చదువుకుంటూ గడిపారు. ఆధార్ ఇచ్చినవాళ్ళే, పాన్ ఇచ్చినవాళ్ళే. సరిగ్గా ఏడాదికి, 2025 జూలైలో, కాయిన్‌డీసీఎక్స్ నుంచి 4 కోట్ల 40 లక్షల డాలర్లు పోయాయి. అది కంపెనీ సొంత ఖాతా సొమ్మనీ, నష్టం తామే భరిస్తామనీ వాళ్ళు చెప్పారు. మంచిదే. అయితే ఆ నిర్ణయం వాళ్ళది, మీది కాదు.

బ్యాంకు మునిగితే ఐదు లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది. ఎక్స్‌ఛేంజ్‌కు అలాంటిదేమీ లేదు. 30 శాతం ట్యాక్స్ మాత్రం ఉంది. 2022 జూలై నుంచి ప్రతి అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. సర్కార్ హిసాబ్ పక్కాగా తీసుకుంటుంది, జిమ్మేదారీ తీసుకోదు. (సొంత వాలెట్‌లో పెట్టుకుంటే ట్యాక్స్ తప్పుతుందని ఎవరైనా చెబితే వాడి దగ్గర టీ కూడా తాగకండి. మీ ఖాతా నుంచి మీ వాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు, అంతవరకే. అమ్మిన రోజు లెక్క చెప్పాల్సిందే.)

మూడో మాట ఫూఫీది. "ఆ మిషనే ధోకా చేసింది రా." ఫూఫీకి నేను ఎదురు చెప్పలేదు. కన్నతల్లి దుఃఖం అది. మీకు చెబుతాను.

అసలు గడబిడంతా "వాలెట్" అనే మాటతో మొదలైంది. వాలెట్ అంటే మనకు బట్వా. బట్వాలో పైసలుంటాయి. ఈ మిషన్‌లో ఒక్క పైసా ఉండదు. బిట్‌కాయిన్ అనేది లోకమంతా తెరిచి ఉన్న ఒక బహీఖాతా. ఏ చిరునామా కింద ఎంతుందో అందులో రాసి ఉంటుంది. ఆ రాత మార్చాలంటే ఒక దస్తఖత్ కావాలి. ఆ దస్తఖత్ చేయగలిగే రహస్య సంఖ్య మాత్రమే మిషన్‌లో ఉంటుంది. అంటే ఇది బట్వా కాదు, మొహర్. పాత రోజుల్లో ఖాజీ సాబ్ దగ్గర ఉండే ముద్ర లాంటిది. కాగితం ఖాజీ గదిలోకి వెళ్ళేది, మొహర్ పడి బయటికి వచ్చేది. మొహర్ మాత్రం గది దాటేది కాదు. ఇక్కడా అంతే. వైరస్‌లు, దొంగ యాప్‌లు ఎన్నైనా ఉన్న మీ కంప్యూటర్ కాగితం తయారు చేసి మిషన్‌కు పంపుతుంది. మిషన్ తన సొంత తెర మీద "ఇంత సొమ్ము, ఈ చిరునామాకు" అని చూపిస్తుంది. మీరు చదివి బటన్ నొక్కితే లోపలే దస్తఖత్ చేసి, దస్తఖత్‌ను మాత్రమే బయటికి పంపుతుంది. ప్రాగ్ నగరంలో సతోషి ల్యాబ్స్ వాళ్ళు 2014లో ట్రెజర్ అనే మొదటి మిషన్ అమ్మిన నాటి నుంచి మూల సూత్రం ఇదే.

చదివి బటన్ నొక్కాలి. ఆ చదవడమే అసలు పని. వజీర్ఎక్స్ వాళ్ళ దగ్గర హార్డ్‌వేర్ వాలెట్లు లేవనుకుంటున్నారా? ఉన్నాయి. ఒకరు కాదు, నలుగురు కలిసి సంతకం చేస్తే తప్ప సొమ్ము కదలని ఏర్పాటు కూడా ఉంది. కంప్యూటర్ తెర మీద ఒకటి కనబడింది, నిజంగా సంతకం పడింది వేరేదాని మీద. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ నుంచి 150 కోట్ల డాలర్లు పోయిందీ ఈ దారిలోనే. మిషన్ చిన్న తెర మీద అర్థం కాని అంకెల వరుస వచ్చింది, వాళ్ళు బటన్ నొక్కేశారు. నికాహ్‌నామా చదవకుండా మొహర్ వేసిన ఖాజీని ఏమంటాం?

ఇక నా అసలు ఝగడా దగ్గరకు వస్తాను. మొహర్ లోపల ఏం జరుగుతుందో మనకెలా తెలుసు?

ఫ్రాన్స్‌కు చెందిన లెడ్జర్ ప్రపంచంలో బాగా అమ్ముడుపోయే వాలెట్లలో ఒకటి. దాని లోపల గట్టి రక్షణ చిప్ ఉంది, ఎవడూ పగలగొట్టలేడు అని పేరు. చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్ మాత్రం మూసిన పెట్టె. చాబీ ఎప్పటికీ బయటికి రాదు అని జనం యకీన్ చేశారు. 2023 మే నెలలో ఆ కంపెనీయే ఒక కొత్త సేవ ప్రకటించింది. మీకు ఇష్టమైతే, నెలనెలా ఫీజు కడితే, మీ రహస్యాన్ని మూడు ముక్కలు చేసి, తాళం వేసి, మూడు కంపెనీల దగ్గర దాస్తామంది. మాటలు పోగొట్టుకునేవాళ్ళకు అది మేలే కావచ్చు. మా భాభీ లాంటి వాళ్ళకు పనికొచ్చేదేమో కూడా. కానీ జనం అడిగింది వేరే ప్రశ్న. రానే రాదన్న చాబీ ఒక అప్‌డేట్‌తో బయటికి రాగలదా? రాగలదు. అంటే ఇన్నాళ్ళూ మనం నమ్మింది మిషన్‌ను కాదు, కంపెనీ జబాన్‌ను. గోల పెరిగాక కంపెనీ ఆ సేవను వాయిదా వేసి, తన ప్రోగ్రామ్‌లో మరింత భాగం బయట పెడతానంది. బయట పెట్టడానికి గోల కావాలా?

ఓపెన్ సోర్స్ అంటే ఇదే. మిషన్ లోపల నడిచే ప్రోగ్రామ్ అక్షరం అక్షరం ఇంటర్నెట్‌లో అందరి ముందూ ఉంటుంది. ట్రెజర్‌ది ఉంది. స్విట్జర్లాండ్ బిట్‌బాక్స్‌ది ఉంది. బ్లాక్‌స్ట్రీమ్ జేడ్‌ది ఉంది. సీడ్‌సైనర్ అయితే, చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ కొని మీరే ఇంట్లో బిగించుకోవచ్చు. ఆ ప్రోగ్రామ్ మీకూ నాకూ అర్థం కాదు, నిజమే. ట్రెజర్ ప్రోగ్రామ్ తెరిచి నేను పది నిమిషాలు చూశాను, నా తెలుగు డిగ్రీ అక్కడ పనికి రాలేదు. అయితే బజార్లో తూకం వేసేటప్పుడు పళ్ళేలు నాకొక్కడికే కనబడాలా? నలుగురికీ కనబడే చోట వేలాడుతున్న తరాజూ వేరు, పరదా వెనక తూచి ఇచ్చే తరాజూ వేరు. దోషం పట్టడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళు ఆ ప్రోగ్రామ్‌ను తామే తయారు చేసి చూసి, కంపెనీ ఇచ్చినదానితో అచ్చంగా సరిపోతుందో లేదో పోల్చి చెప్పగలరు.

మన కౌమ్‌కు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మనకు పరదా వెనక తూకాల అలవాటుంది. దాడీ చూసి, టోపీ చూసి, దుకాణం మీద "హలాల్" బోర్డు చూసి అమానత్ అప్పగిస్తాం. హిసాబ్ అడిగితే బద్‌గుమానీ అంటాం. బెంగుళూరు ఐఎంఏ గుర్తుందా? వడ్డీ లేని హలాల్ లాభం అన్నారు. వేల కుటుంబాలు బిడ్డల షాదీ సొమ్ము, హజ్ సొమ్ము తెచ్చి పెట్టాయి. 2019 జూన్‌లో దాని యజమాని దేశం విడిచి పారిపోయాడు. తర్వాత పట్టుకొచ్చారు, సొమ్ము మాత్రం అలా రాలేదు. బాకీ ఇచ్చి పుచ్చుకుంటే రాసి పెట్టుకోండి, గవాహ్‌లను పెట్టుకోండి అని సూరా బఖరాలో ఉన్న ఆయత్ మొత్తం ఖురాన్‌లోనే పొడవైనది. రాయమంది, చూపించమంది. పరదా వేయమనలేదు.

ఓపెన్ సోర్స్ అని రాసి ఉంటే చాలు, అల్లా కే హవాలే అని కూర్చోవచ్చా? కూర్చోకూడదు. 2020 జనవరిలో క్రాకెన్ భద్రతా బృందం ట్రెజర్ మిషన్‌ను చేతిలోకి తీసుకుని, పావుగంటలో దాని రహస్యాన్ని లాగి చూపించింది. విప్పి, కరెంటు ఒత్తిడితో చిప్‌ను తికమక పెట్టి మరీ చేశారు. దూరం నుంచి చేసే పని కాదు. మిషన్ దొంగ చేతికి చిక్కితే మాత్రం ప్రమాదమే. అందుకే మాటలకు తోడు మరో రహస్య పదం, పాస్‌ఫ్రేజ్ పెట్టుకోమన్నారు. కొత్త మోడళ్ళలో రక్షణ చిప్ కూడా చేర్చారు. 2023లో కాస్పర్‌స్కీ వాళ్ళు ఇంకో సంగతి బయటపెట్టారు. ప్రకటన చూసి ఒకాయన ట్రెజర్ కొన్నాడు. పెట్టె అసలుదే అనిపించింది, సీలు అసలుదే అనిపించింది. లోపల చిప్ మార్చేశారు. మిషన్ తనకు తాను ఎంచుకోవాల్సిన మాటల్ని దొంగలు ముందే 20 వరసలు రాసి పెట్టారు, అందులోంచే ఒకటి ఇచ్చింది. 1.33 బిట్‌కాయిన్ పోయింది. కాబట్టి కంపెనీ దగ్గరే కొనాలి, లేదంటే కంపెనీ తన సైట్‌లో పేరు పెట్టిన దుకాణంలో. ఎవరో దుబాయ్ నుంచి తెచ్చాడు, సగం ధరకే ఇస్తున్నాడు అంటే నక్కో అనండి. మాటలు ముందే కార్డు మీద అచ్చేసి వస్తే అది మిషన్ కాదు, గాలం.

ఆ మాటల గురించి ఒక సంగతి చెప్పాలి, ఇది నాకు బాగా కోపం తెప్పిస్తుంది. 2013లో బిఐపి 39 అనే ప్రమాణం పెట్టారు. 2048 మామూలు మాటల జాబితా ఉంటుంది. మిషన్ అందులోంచి 12 లేదా 24 మాటలు తీసి ఇస్తుంది. మిషన్ పగిలినా, పోయినా, కంపెనీయే మూతపడినా, ఆ మాటలుంటే వేరే మిషన్‌లో సొమ్మంతా తిరిగి వస్తుంది. ఎంత మంచి ఏర్పాటు! ఆ జాబితా ఇంగ్లీషులో ఉంది, జపనీస్, కొరియన్, స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, పోర్చుగీస్‌లో ఉంది. కోటి మంది మాట్లాడే చెక్ భాషలో కూడా ఉంది. తెలుగులో లేదు. ఉర్దూలో లేదు. హిందీలో కూడా లేదు. కోట్ల మంది జనం నోళ్ళలోని భాషలకు ఆ దఫ్తర్‌లో జాగా లేదు. భాభీ ఉర్దూ చక్కగా చదువుతుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ఆ కాగితం ఉర్దూలో ఉండి, పైన "ఎవరికీ చూపించకు" అని ఒక్క ముక్క రాసి ఉంటే ఆమె బస్టాండు దాకా వెళ్ళేది కాదు. ప్రోగ్రామ్ తెరిచి ఉంది కదా, ఎవరైనా వచ్చి రాయొచ్చు కదా అంటారు. నిజమే, రాయొచ్చు. మన ఇంజనీర్లు ఎంతమంది లేరు!

జాబితా వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఆ ఇంగ్లీషు మాటల్లో ప్రతిదానికీ మొదటి నాలుగు అక్షరాలు వేరు వేరుగా ఉంటాయి. ఆ నాలుగు సరిగ్గా ఉంటే చాలు. ఇంట్లో ఏబీసీడీ వచ్చిన ఎవరైనా చూసి రాయగలరు. పక్కనే ఉర్దూలోనో తెలుగులోనో నాలుగు వాక్యాలు రాయండి: ఇది ఏమిటి, దీన్ని మిషన్‌లో తప్ప ఏ కంప్యూటర్‌లో గానీ, ఫోన్‌లో గానీ, వెబ్‌సైట్‌లో గానీ కొట్టకూడదు, ఫోటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు, నేను లేకపోతే ఫలానా వాళ్ళిద్దరినీ కలిపి కూర్చోబెట్టి తెరవండి. ఇద్దరు, ఒక్కరు కాదు. ఆ ఒక్కడు నాలాంటి పరధ్యానం మనిషి అయితే ఏమవుతుందో చూశారు కదా. కాగితం నీళ్ళకు, చెదలకు పోతుంది. స్టీలు పలక మీద చెక్కించుకునే వాళ్ళున్నారు, పెద్ద సొమ్ము ఉంటే చెక్కించుకోండి. వసీయత్‌లో మాటలు రాయకండి, అవి ఎక్కడున్నాయో రాయండి.

ఇంకొకటి. ఉందని చాటుకోకండి. 2020లో లెడ్జర్ కంపెనీ నుంచి 2 లక్షల 70 వేలకు పైగా వాడకందార్ల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు బయటికి పొక్కాయి. తర్వాత కొందరి ఇళ్ళకు పోస్టులో నకిలీ మిషన్లు వచ్చాయి. 2025 జనవరిలో ఆ కంపెనీని స్థాపించినవాళ్ళలో ఒకరిని ఫ్రాన్స్‌లో కిడ్నాప్ చేసి వేలు నరికారు. మన మొహల్లాల్లో వలీమా దావత్‌లో ఫోన్ తీసి "దేఖో, కితనా హువా" అని చూపించే కుర్రాళ్ళున్నారు. బేటా, ఆ ఫోన్ లోపల పెట్టు.

ఇంత తతంగం చేయలేం అనేవాళ్ళకు నా జవాబు సూటిగా ఉంటుంది. అయితే అమ్మేయండి. ట్యాక్స్ కట్టండి, మిగిలినదాంతో బంగారమో జాగానో కొనుక్కోండి. అందులో తప్పేం లేదు. కానీ యాప్‌లో వదిలేసి భరోసాగా ఉన్నామనీ, మిషన్ కొని ఎవరికీ చెప్పకుండా భద్రంగా ఉన్నామనీ మిమ్మల్ని మీరు మోసం చేసుకోకండి. మొదటిది అమానత్‌ను పరాయి చేతిలో పెట్టడం, రెండోది అమానత్‌ను పాతిపెట్టడం. భార్యాబిడ్డల హక్కు రెండింటిలోనూ పోతుంది.

నేను ఆ తర్వాత నేర్చుకోవడానికని ఒక ఓపెన్ సోర్స్ మిషన్ తెప్పించుకున్నాను, పదిహేను వేల రూపాయల బిట్‌కాయిన్ అందులో పెట్టాను. పోయిన జుమ్మా నాడు నమాజ్ అయ్యాక, మా ఆవిడను కూర్చోబెట్టి, ఆమె కళ్ళ ముందే దాన్ని పూర్తిగా చెరిపేశాను. "అయ్యో, పాగల్ హో గయే క్యా?" అంది. "నేను చచ్చిపోయాననుకో, నువ్వే తిరిగి తెరువు" అన్నాను. "అల్లా నా కరే" అని చెంపలు వేసుకుంది. తర్వాత బియ్యం డబ్బా కింద నుంచి కాగితం తీసింది, ఉర్దూలో నేను రాసినవి రెండుసార్లు చదివింది, కళ్ళద్దాలు పెట్టుకుని ఆ చిన్న తెర మీద రెండు బటన్లతో ఒక్కో అక్షరం ఎక్కించడం మొదలుపెట్టింది. పదకొండో మాట తప్పు పడింది. చివర్లో ఒప్పుకోనంది మిషన్. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి అమ్మాయి పక్కన కూర్చుని చదువుతుంటే ఆమె నొక్కింది. నేను నోరు మెదపలేదు, అది చాలా కష్టమైంది. యాభై నిమిషాలు పట్టింది. పాత చిరునామా, పాత లెక్క, పైసా తేడా లేకుండా వచ్చాయి.

"బస్, ఇంతేనా?" అని ఆమె మిషన్‌ను నా చేతిలో పెట్టి, కాగితాన్ని మాత్రం తీసుకెళ్ళి దాచేసింది. బియ్యం డబ్బా కింద కాదు. ఎక్కడో అమ్మాయికి చెప్పిందట.